పొగ మానిన పిదప

ముప్పది నలువది యేండ్లు చుట్టయో, బీడీయో, సిగరెట్టో కాల్చిన మనుష్యుని ఇంటివారు "ఇకనైన మానరాదా?" యని బతిమాలినపుడు అతడు సాధారణముగా నొక్కటే ప్రత్యుత్తరము చెప్పును: "చెడవలసినదేదో చెడనే చెడినది. ఇప్పుడు మానిననేమి, మానకున్ననేమి?" వినుటకు ఈ మాట యుక్తముగనే తోచును. కాలిన కట్టె మరల చిగురింపదు గదా! కాని మనుష్యుని దేహము కాలిన కట్టె కాదు. ప్రాణముగల చెట్టు వంటిది. గాయపడినచోట మాంసము పూడును. విరిగిన ఎముక అతుకుకొనును. పొగచే చెడిన దేహము గూడ అట్లే బాగుపడునా? పడినచో ఎంతవరకు? ఎంత కాలమునకు? ఈ ప్రశ్నలకు సమాధానము ఊహవలన గాక లెక్కవలన దొరకినది. ఆ లెక్క తేలుటకు ఏబది సంవత్సరములు పట్టినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన దినములలో ఇంగ్లండు దేశపు వైద్యులను ఒక విషయము కలతపెట్టెను. ఊపిరితిత్తులలో రాచపుండు, అనగా క్యాన్సరు వ్యాధి, పుట్టి మరణించువారి సంఖ్య ఏటేట పెరుగుచుండెను. ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో 1922వ సంవత్సరమున ఈ వ్యాధిచే మరణించినవారు 612 మంది. 1947లో మరణించినవారు 9,287 మంది. ఇరువదియైదేండ్లలో ఆ సంఖ్య పదునైదు రెట్లయ్యెను. ఈ యుపద్రవమునకు కారణము నిశ్చయముగా నెవ్వరికిని తెలియదు. వీధులలో నానాటికి హెచ్చుచున్న మోటారు బండ్ల పొగయే కారణమని కొందరును, రోడ్లకు వేయు తారు కారణమని కొందరును తలచిరి. పొగాకును శంకించినవారు కొలదిమంది. ఏలయన ఆ కాలమున ఆ దేశమున పొగత్రాగని పురుషుడు అరుదు. పెద్దలు, పండితులు, సైనికులు, తుదకు వైద్యులు సైతము త్రాగుచుండిరి. అందరును చేయు పనిలో దోషమున్నదని ఎవ్వరికి తోచును?

కారణమును కనుగొను భారము ఇద్దరిపై బడెను. వారిలో పెద్దవాడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. ఆయన యౌవనమున వైద్యుడు కావలెనని కోరుకొనెను. కాని మొదటి ప్రపంచయుద్ధ కాలమున క్షయవ్యాధి సోకుటచే ఆ కోరిక నెరవేరలేదు. ఆయన అందుకు క్రుంగిపోక గణాంకశాస్త్రము నాశ్రయించి, రోగముల లెక్కలను పరిశీలించుటయందు మిక్కిలి నేర్పరి యయ్యెను. రెండవవాడు రిచర్డ్ డాల్ అను వైద్యుడు. 1912లో జన్మించిన ఇతడు అప్పటికి ముప్పదియైదేండ్ల ప్రాయమువాడు. ఇతడును సిగరెట్లు కాల్చువాడే. ఇతనికి మొదట కలిగిన యనుమానమును రోడ్ల తారుపైననే.

వారు లండను నగరమున ఇరువది ఆసుపత్రులలోని రోగులను ప్రశ్నించుటకు ఏర్పాటు చేసిరి. ఊపిరితిత్తుల క్యాన్సరుగల పురుషులు 649 మందిని, ఇంచుమించు అదే వయస్సుగలవారై ఇతర వ్యాధులతో నున్న పురుషులు 649 మందిని ఎంచుకొని, వారి యలవాట్లను అడిగి వ్రాయించిరి. మొదటి వర్గములో పొగత్రాగనివారు ఇద్దరే యుండిరి. రెండవ వర్గములో ఇరువది యేడుగురుండిరి. మరియొక చిత్రమును గలదు. క్యాన్సరని తలచి ప్రశ్నించిన కొందరికి ఆ వ్యాధి లేదని తరువాతి పరీక్షలలో తేలెను. చూడగా, వారి పొగత్రాగుడు లెక్క క్యాన్సరు రోగుల లెక్కను గాక, తక్కిన రోగుల లెక్కనే పోలియుండెను. సంఖ్యలు ఒక్కొక్కటిగా కాగితములపై చేరుచుండగా డాల్ ఆలోచనలో బడెను. అనుమానింపబడిన తారు నిర్దోషియై నిలిచినది. తన చేతిలోని సిగరెట్టు దోషియై తేలినది. పరిశోధన ముగియకమునుపే అతడు పొగత్రాగుట విడిచిపెట్టెను. ఆ పరిశోధనము 1950లో ప్రకటింపబడెను.

కాని లోకము వెంటనే నమ్మలేదు. రోగులను వెనుకటి సంగతులు అడిగి తెలిసికొన్న దానిలో పొరపాటుండవచ్చునని పలువురు ఆక్షేపించిరి. అప్పుడు హిల్, డాల్ ఇద్దరును మరియొక మార్గము త్రొక్కిరి. వ్యాధి వచ్చిన పిమ్మట ప్రశ్నించుట గాక, ఆరోగ్యముగా నున్నవారిని ముందుగనే ప్రశ్నించి, వారికి మున్ముందు ఏమగునో కనిపెట్టి చూచుటయే ఆ మార్గము. అందుకు వైద్యులే తగినవారని వారికి తోచెను. ఏలయన వైద్యుల పేర్లును చిరునామాలును ప్రభుత్వపు పట్టికలో నుండును. వారిలో నెవరు మరణించినను కారణము తెలిసికొనుట సులభము. 1951వ సంవత్సరము అక్టోబరు మాసమున బ్రిటనులోని వైద్యులకు లేఖలు వెళ్ళెను. నలువదివేల మందికి పైగా బదులు వ్రాసిరి. వారిలో పురుషులు 34,439 మంది. పొగ త్రాగుదురా? ఎన్నడైన త్రాగి మానిరా? ఎంత త్రాగుదురు? ఇవియే ప్రశ్నలు. ఇక చేయవలసిన పని ఓపికతో వేచియుండుట. 1954 జూను మాసమున మొదటి ఫలితము వెలువడెను. అప్పటికి ఆ వైద్యులలో ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించినవారు 36 మంది. ఆ ముప్పదియార్గురును పొగత్రాగినవారే.

ఆ మీదట తలపని మేలొకటి జరిగెను. తమ తోడివారి మరణములను గూర్చి చదివిన వైద్యులలో అనేకులు పొగత్రాగుట మానివేసిరి. కొందరు ముప్పదవ యేట, కొందరు నలువదవ యేట, కొందరు ఏబదవ, అరువదవ యేట మానిరి. మరికొందరు మానకయే యుండిరి. ఒకే వృత్తివారు, ఒకే విధమైన జీవనము గలవారు; భేద మొక్కటే, పొగ మానుటయు మానకుండుటయు. ఈ విధముగా, పొగవలని కీడును తెలిసికొనుటకు మొదలిడిన పరిశీలనము పొగ మానుటవలని మేలును గూడ కొలిచి చూపు త్రాసయ్యెను. ఆ త్రాసులో తేలినదేమో చెప్పుటకు ముందు, మానినవాని దేహమున జరుగు పని యేమో తెలిసికొనవలెను.

పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనములున్నవి. వానిలో సుమారు డెబ్బది క్యాన్సరును కలిగింపజాలినవి. అన్నిటిలో ముఖ్యముగా మూటిని ఎరిగియుండుట చాలును. మొదటిది నికోటిన్. 1560 ప్రాంతమున పొగాకును ఫ్రాన్సు దేశమునకు పంపిన జాన్ నికో అను రాయబారి పేర దీనికీ నామము వచ్చినది. పొగను పీల్చిన కొన్ని క్షణములలోనే ఇది మెదడును చేరి హాయి యనిపించును. వెంటనే నాడి వేగము హెచ్చును, రక్తనాళములు ముడుచుకొనును. అలవాటును బానిసత్వముగా మార్చునది ఇదియే. రెండవది కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు. రక్తములో ప్రాణవాయువును మోయవలసిన హీమోగ్లోబిన్ అను పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె ఇన్నూరు రెట్లు గట్టిగా పట్టుకొనును. దొంగ కూర్చున్న బండిలో యజమానికి చోటు లేనట్లు, రక్తములో ప్రాణవాయువునకు చోటు తగ్గును. మూడవది జిగటయైన తారు. శ్వాసనాళముల లోపలి గోడలపై కంటికి కానరాని సన్నని నూగు గలదు. అది పైరువలె ఊగుచు దుమ్మును, కఫమును గొంతువైపునకు నెట్టివేయును. పొగతో కూడిన ఈ తారు ఆ నూగును మొద్దుపరచి, చివరకు నశింపజేయును. అప్పుడు కఫము లోపలనే నిలిచి, ఉదయకాలపు దగ్గు మొదలగును.

చివరి సిగరెట్టును ఆర్పివేసిన ఇరువది నిమిషములకే దేహము తన పనిని ప్రారంభించును. నాడి నెమ్మదించును, రక్తపు పోటు తగ్గనారంభించును. పండ్రెండు గంటలు గడచునప్పటికి రక్తములోని విషవాయువు చాలవరకు ఊపిరితో వెడలిపోవును. ప్రాణవాయువు తన చోటును తాను మరల నాక్రమించును. మానినవాడు ఆ రాత్రి నిద్రించుచుండగనే ఈ శుద్ధి జరిగిపోవును. కొలది దినములకు నాలుకకు రుచియు ముక్కుకు వాసనయు తిరిగి తెలియసాగును. ఏండ్ల తరబడి పొగలో మునిగిన మనుష్యునికి తాలింపు ఘుమఘుమ, కొత్త బియ్యపు అన్నపు కమ్మదనము, తొలకరి మట్టి వాసన మరల అనుభవమునకు వచ్చును. ఎన్నడో దూరమైన బంధువులు తిరిగి ఇంటికి వచ్చినట్లుండును.

రెండు మూడు వారముల నుండి మూడు మాసముల లోపల రక్తప్రసారము చక్కబడును. ఊపిరితిత్తుల శక్తి హెచ్చును. మునుపు మేడమెట్లు ఎక్కుచు నడుమ నిలిచిపోయినవాడు నిలువక పైకి పోగలుగును. ఒకటి మొదలు తొమ్మిది మాసములలో దగ్గును, ఆయాసమును తగ్గును. శ్వాసనాళములలోని ఆ సన్నని నూగు తిరిగి మొలచి, తన ఊడ్పుపనిని తాను చేయనారంభించును. ఇచ్చట ఒక హెచ్చరిక కలదు. కొందరికి మానిన తొలిదినములలో దగ్గు తగ్గుటకు మారుగా కొంత హెచ్చును. "మానినందుననే జబ్బు చేసిన" దని వారు భయపడి మరల చుట్ట ముట్టింతురు. అది పొరపాటు. చాలకాలము మూతబడిన ఇంటిని ఊడ్చునపుడు ధూళి లేచుట సహజము. లోపల పేరుకొన్న కఫమును దేహము బయటికి నెట్టుచున్నదన్నమాట. అయినను దగ్గు పలువారములు విడువకున్నను, కఫముతో రక్తము పడినను, వైద్యునికి తప్పక చూపించుకొనవలెను.

మానుట సులభమని చెప్పుట అసత్యమగును. నికోటిన్‌కు అలవాటుపడిన మెదడు దానికై మారాము చేయును. చిరాకు, ఆందోళనము, నిద్రలేమి, పనియందు మనస్సు నిలువకుండుట, ఆకలి హెచ్చుట మొదలగునవి కలుగును. మొదటి వారమున, అందును రెండవ మూడవ దినములలో, ఈ బాధ మిక్కుటముగా నుండును. మూడు నాలుగు వారములలో చాలవరకు అణగిపోవును. కొందరి శరీరపు బరువు నాలుగైదు కిలోల వరకు పెరుగవచ్చును. కాని పొగవలని కీడుతో పోల్చిన ఇది స్వల్పము. పొగపై కోరిక అలవలె వచ్చి కొన్ని నిమిషములలో విరుగును. ఆ నిమిషములలో మంచినీరు త్రాగుటయో, నాలుగడుగులు నడచుటయో, ఒకరితో మాటలాడుటయో చేసినవాడు అలను దాటును. ఒకసారి మాని మరల మొదలిడినవారు సిగ్గుపడి నిరాశ చెందనక్కరలేదు. అనేకులు పలుమారులు ప్రయత్నించిన పిమ్మటనే జయించిరి. ఈ పనిలో సహాయపడు మందులును గలవు. వానిని వైద్యుని సలహాపై వాడవలెను. భారత ప్రభుత్వము 2016లో ఇందుకై ఉచితముగా సలహా నిచ్చు టెలిఫోను కేంద్రమును నెలకొల్పెను. ఇట్టి సమయమున ఇంటివారు ఎత్తిపొడుపు మాటలు మాని, ఓర్పుతో తోడుపడవలెను.

మాసములు దాటి సంవత్సరములు వచ్చునప్పటికి లాభము మరింత పెద్దదగును. మానిన యొక సంవత్సరమునకు, మానక త్రాగుచున్నవానితో పోల్చిన, గుండెజబ్బు వచ్చు భయము సుమారు సగమునకు దిగును. ఐదు మొదలు పదునైదు సంవత్సరములలో పక్షవాతపు భయము ఎన్నడును త్రాగనివానితో సమానమగును. పది సంవత్సరములకు ఊపిరితిత్తుల క్యాన్సరు భయము సగమగును. పదునైదు సంవత్సరములకు గుండె విషయమున మానినవానికిని, ఎన్నడును ముట్టనివానికిని భేదము ఇంచుమించు లేకపోవును. ఇంటిలో పసిపిల్లలున్న పక్షమున వారికి కలుగు లాభమునకు ఒక్క దినమైనను ఆగనక్కరలేదు. పెద్దవాడు మానిన దినముననే వారు పీల్చు గాలి నిర్మలమగును.

అయితే దేహమున మరల సరిపడనిదేదియు లేదా? కలదు. ఊపిరితిత్తులలో ద్రాక్షగుత్తులవలె కోట్లకొలది వాయుకోశములున్నవి. పొగ వీని గోడలను తినివేసినచో, నశించిన కోశములు తిరిగి పుట్టవు. అట్టి రోగి ఊపిరికై జీవితాంతము వెదకులాడవలసివచ్చును. అయినను అతడు మానుట వ్యర్థము కాదు. వయస్సుతోపాటు ఊపిరితిత్తుల శక్తి ఎల్లవారికిని కొంచెము కొంచెముగా తగ్గును. త్రాగువారిలో నది వడిగా తగ్గును. మానినవానికి పోయినది తిరిగి రాకున్నను, మిగిలినది త్రాగనివానికివలె మెల్లగనే తరుగును. గండిపడిన చెరువులో పోయిన నీరు రాదు. గండి పూడ్చిన ఉన్న నీరు దక్కును. ఆ నీటితోనే మిగిలిన పంట పండవలెను.

ఇక ఆ వైద్యుల లెక్క యేమయ్యెను? 1954లో మొదటి ఫలితము వెలువడిన తరువాత సరిగా ఏబది సంవత్సరములకు, 2004 జూను మాసమున, తుది ఫలితము ప్రకటింపబడెను. జీవితమంతయు సిగరెట్లు కాల్చిన వైద్యులు, కాల్చనివారికంటె సగటున పది సంవత్సరములు ముందుగా మరణించిరి. అరువదవ యేట మానినవారు ఆ పదింటిలో మూడు సంవత్సరములు తిరిగి సంపాదించుకొనిరి. ఏబదవ యేట మానినవారికి ఆరు సంవత్సరములు దక్కెను. నలువదవ యేట మానినవారికి తొమ్మిది సంవత్సరములు దక్కెను. ముప్పదవ యేట మానినవారికి ఇంచుమించు పదియును దక్కెను. హిల్ 1991లో గతించెను. డాల్ మాత్రము ఆ తుది ఫలితమును స్వయముగా ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు తొంబదియొక్క సంవత్సరములు. ముప్పదియేడవ యేటి ప్రాంతమున సిగరెట్లను విడిచిన ఆ వైద్యుడు 2005లో తన తొంబదిరెండవ యేట మరణించెను.

ఈ సంగతి దూరదేశపు వైద్యులకు మాత్రమే చెందినది కాదు. తెలుగునాట పొగాకు పైరు ఎందరో రైతులకు జీవనాధారము. గుంటూరు, ప్రకాశము ప్రాంతముల పొగాకు విదేశములలో పేరు గాంచినది. తెలంగాణమున వేలకొలది స్త్రీలు తునికాకు బీడీలు చుట్టి సంసారములు నెట్టుకొనుచున్నారు. ఉత్తర కోస్తా గ్రామములలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ యను అలవాటు గలదు. ఆ వేడికి, పొగకు అంగిలి కమిలి, తెల్లబడి, కొందరికి అచ్చటనే క్యాన్సరు పుట్టును. శ్రీకాకుళము, కేరళలోని ఎర్ణాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాల గ్రామములలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి ఇంటింటికి వెళ్ళి నచ్చజెప్పి, వారి నోళ్ళను ఏటేట పరీక్షించిన పరిశోధన మొకటి జరిగెను. 1986లో వెలువడిన దాని ఫలితములలో, చెప్పినది విని మానినవారియందు క్యాన్సరునకు ముందు కనబడు మచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గినదని తేలెను. లండను వైద్యుని దేహమునకును, పల్లెటూరి అవ్వ దేహమునకును ధర్మ మొక్కటే.

2003లో భారతదేశమున చేయబడిన శాసనము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని నిషేధించినది. 2008 అక్టోబరు 2వ తేదీ నుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుట దేశమంతట నిషేధింపబడినది. శాసనము చేయగలిగినది అంతవరకే. నోటిదాక వచ్చిన చుట్టను దింపవలసినది చేయి. ఆ చేతిని నడుపవలసినది మనస్సు.

"ఇప్పుడు మానిననేమి?" యని అడిగిన మనుష్యునికి ఇప్పుడు స్పష్టమైన సమాధానము గలదు. అరువదేండ్లవాడైనచో మూడు సంవత్సరములు. ఆ మూడేండ్లలో మనుమరాలి పెండ్లి చూడవచ్చును. నాటిన మామిడి తొలికాపు తినవచ్చును. ఏబదేండ్లవాడైనచో ఆరు, నలువదేండ్లవాడైనచో తొమ్మిది. ఇక పదిమూడేండ్ల బాలునికి లెక్కయే అక్కరలేదు. మొదటి పొగను పీల్చనివానికి తిరిగి సంపాదించుకొనవలసినది ఏదియు లేదు. అతని ఆయుస్సు అతనియొద్దనే యున్నది.